టచ్ ల్యాప్‌టాప్ తీసుకోవచ్చా? ముందు హింజ్ సంగతి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆన్‌లైన్‌లో లెక్కల క్లాసులు చెబుతారు. పిల్లలు పీడీఎఫ్‌లుగా పంపే జవాబు పత్రాలు దిద్దుతారు. మిగతా సమయం ఎక్సెల్, బ్రౌజర్. మీరు చూసి పెట్టుకున్న మోడళ్ళు మూడు. మొదటిది 14 అంగుళాల టచ్, తెర పూర్తిగా వెనక్కి మడతపడేది, కోర్ ఐ5 1335యూ, 8 జీబీ ర్యామ్. రెండోది అదే ప్రాసెసర్‌తో 15.6 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్, టచ్ లేదు, 16 జీబీ. మూడోది మళ్ళీ మడత టచ్, రైజెన్ 5 7530యూ, 16 జీబీ. మూడింటి ధరా ఇంచుమించు ఒకటే. "టచ్ అనేది ఎక్స్‌ట్రా ఫీచరే కదా, ఉంటే నష్టమేముంది?" అని అడిగారు.

ఎక్స్‌ట్రా కాదండి. ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో టచ్ అదనంగా వస్తుంది. మధ్య రేంజిలో మాత్రం అది దేన్నో లేపేసి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఈ రేంజిలో ఎంతకి అమ్మాలో కంపెనీ ముందే అనుకుంటుంది. టచ్ పొరకీ, పైన అద్దానికీ, 360 డిగ్రీలు తిరిగే హింజ్‌కీ (తెరనీ కీబోర్డునీ కలిపే మడత బందుకి) అయిన ఖర్చు ఇంకెక్కడో మిగుల్చుకోవాలి. మీ మొదటి మోడల్‌లో ర్యామ్ దగ్గర మిగుల్చుకున్నారు, అది కంటికి కనిపిస్తోంది. మూడోదానిలో ప్రాసెసర్ దగ్గర మిగిల్చారు, అది పేరులో దాక్కుంది, తర్వాత చెబుతాను. కాబట్టి టచ్ కావాలా వద్దా అని కాకుండా, దాని కోసం ఏం వదులుకుంటున్నానో అది నాకు అక్కర్లేనిదేనా అని చూసుకోండి.

పన్నెండేళ్ళుగా ఆఫీసులకి ల్యాప్‌టాప్‌లు ఎంపిక చేసి ఇవ్వడం, పాడైతే విప్పి చూడటం నా పని. టచ్ మోడల్ కొన్నవాళ్ళలో ఎక్కువమంది మొదటి నెల సరదాగా వేలితో జరుపుతారు, ఆ తర్వాత తెర మీద వేలిముద్రలు చూసి విసుక్కుని టచ్‌ప్యాడ్‌కే వచ్చేస్తారు. ఏళ్ళ తరబడి నిజంగా వాడుతున్నవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు రకాల మనుషుల మధ్య తేడా ఎక్కడుందా అని చూస్తే నాకు ప్రతిసారీ హింజ్ దగ్గరే కనిపించింది.

మామూలు హింజ్‌తో, అంటే నిలబడే తెరకి టచ్ పెడితే, తాకడానికి ప్రతిసారీ చెయ్యి గాలిలోకి ఎత్తాలి. రెండు నిమిషాలకి భుజం లాగుతుంది. దీనికి ఇంజనీర్లు 'గొరిల్లా ఆర్మ్' అని పేరే పెట్టుకున్నారు. నిలువుగా ఉండే తెరకి టచ్ పనికిరాదని 2010లోనే యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ వేదిక మీద చెప్పాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మ్యాక్‌బుక్‌లు టచ్ లేకుండానే వచ్చాయి. విండోస్ వాళ్ళు ఎదురు దారి పట్టారు. 2012లో విండోస్ 8 వచ్చాక అందరూ టచ్ వెంట పడ్డారు, అదే ఏడాది లెనొవొ కంపెనీ యోగా ల్యాప్‌టాప్ తెరని వెనక్కి పూర్తిగా తిప్పేసింది. నా దృష్టిలో ఆ తిప్పడమే అసలు పరిష్కారం. తెర పడుకుంటే చెయ్యి దాని మీద ఆనుతుంది, అప్పుడు టచ్‌కి అర్థం వస్తుంది. అందుకే మడతపడని టచ్ ల్యాప్‌టాప్‌ని నేనెవరికీ చెప్పను. మీ లిస్టులో అలాంటిది లేకపోవడం మంచిదే.

మడతపడే దానితో వచ్చే లాభాలు చిన్నవేం కావు. పీడీఎఫ్ దిద్దడానికి దాన్ని మించింది లేదు. పిల్లాడు రాసిన లెక్క మీదే పెన్నుతో సున్నా చుట్టి, పక్కన తప్పెక్కడో రాసి తిప్పి పంపొచ్చు. అదే పని మౌస్‌తో చేస్తే నా చేతిరాతను నేనే గుర్తుపట్టలేను. గుడారంలా నిలబెడితే కీబోర్డు అడ్డం లేకుండా వీడియో చూడొచ్చు. ఎదుటివాళ్ళకి ఏదైనా చూపించాలంటే తెర వాళ్ళవైపు తిప్పేస్తే సరి. పెద్ద ఎక్సెల్ షీటులో రెండు వేళ్ళతో జూమ్ చేయడం అలవాటైతే మానలేరు. అయితే "ట్యాబ్లెట్‌లా చేత్తో పట్టుకుని చదువుకోవచ్చు" అనే మాట మాత్రం నమ్మకండి. 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్ సాధారణంగా ఒకటిన్నర కిలో ఉంటుంది, మామూలు ట్యాబ్లెట్ అరకిలో. పైగా పట్టుకున్నప్పుడు వెనక కీబోర్డు మీటలు వేళ్ళకి తగులుతుంటాయి. సెన్సర్ వాటిని ఆపేస్తుంది కాబట్టి ఏవీ టైపు కావు, కానీ చేతికి ఆ స్పర్శ బాగుండదు.

ఇక పెన్ను. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

టచ్ ఉన్నంత మాత్రాన పెన్ను పనిచేస్తుందని కాదు. రబ్బరు మూతి ఉన్న చవక స్టైలస్ ఏ టచ్ తెర మీదైనా పనిచేస్తుంది, ఎందుకంటే తెర దాన్ని ఇంకో వేలనే అనుకుంటుంది. అరచెయ్యి ఆనిస్తే అదీ గీతే, పెన్ను ఆనిస్తే అదీ గీతే. దానితో లెక్కలు రాయలేరు. మీకు కావలసింది యాక్టివ్ పెన్. అది తనంతట తాను సంకేతం పంపుతుంది, ఇది పెన్ను, ఇది చెయ్యి అని తెరకి తేడా తెలుస్తుంది, చేతిని పట్టించుకోదు. మరి ఆ సంకేతానికి భాషలున్నాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేవి రెండు: మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్, అంటే ఎంపీపీ, వాకోమ్ వాళ్ళ ఏఈఎస్. ఒకదాని కోసం చేసిన పెన్ను రెండోదానిపై రాయదు. రెండు భాషలూ వచ్చిన పెన్నులు కొన్ని ఉన్నాయి, విడిగా కొనాల్సివస్తే అలాంటిదే చూడండి. మోడల్ వివరాల్లో 'టచ్ స్క్రీన్' అని మాత్రమే ఉండి పెన్ను ఊసే లేకపోతే, పెన్ను రాయదనే అనుకుని అడగండి. పెట్టెలో పెన్ను ఇస్తున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. 4096 ప్రెజర్ లెవల్స్ (పెన్ను ఎంత గట్టిగా నొక్కామో పట్టే మెట్లు) అని గొప్పగా రాస్తారు. అది బొమ్మలు గీసేవాళ్ళకి ముఖ్యం, లెక్కలు రాసేవాళ్ళకి దాంతో పనిలేదు.

మీకు పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. షోరూమ్‌లో ఏదైనా రాసుకునే యాప్ తెరిచి, స్కేలు పెట్టి, ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలుగా, చాలా నెమ్మదిగా గీత గియ్యండి. గీత తిన్నగా రావాలి. మధ్య రేంజి తెరల్లో చాలావాటి మీద అది చిన్న చిన్న అలల్లా వస్తుంది. వేగంగా రాస్తే ఈ లోపం బయటపడదు. నెమ్మదిగా త్రిభుజం గీసే లెక్కల మాస్టారికి మాత్రం రోజూ కనబడుతుంది.

సరే, పెన్ను బాగానే రాసింది అనుకుందాం. ఇప్పుడు మీ క్లాసు ఊహించుకోండి. రాయడానికి తెరని పూర్తిగా మడిచి బల్ల మీద పడుకోబెట్టారు. తెరతోపాటు కెమెరా కూడా పడుకుంది. పిల్లలకి మీ ముఖం బదులు ఇంటి పైకప్పు కనిపిస్తుంది, మీరు వంగితే గడ్డం కింది భాగం. చాలా మోడళ్ళలో మైకు కూడా ఆ తెర అంచులోనే ఉంటుంది కాబట్టి, పెన్ను అద్దాన్ని తాకిన ప్రతిసారీ టక్ టక్‌మని అవతల వినిపిస్తుంది. కీబోర్డు బల్లవైపు తిరిగిపోయింది కాబట్టి చాట్‌లో ఎవరికైనా జవాబు టైపు చేయాలంటే తెర మీది కీబోర్డే గతి. ఇంకోటి, దీన్ని నేను కొన్నాళ్ళు గమనించలేదు. గాలి లోపలికి తీసుకునే రంధ్రాలు చాలా ల్యాప్‌టాప్‌లకి అడుగున ఉంటాయి. పూర్తిగా మడిచినప్పుడు ఆ అడుగు, తెర వీపు ఒకదానికొకటి ఆనుకుంటాయి. మధ్యలో ఉండే సందల్లా రబ్బరు పాదాల ఎత్తే. గంటసేపు వీడియో కాల్ నడిస్తే వేడెక్కుతుంది, ఫ్యాన్ రొద పెడుతుంది, ఆ రొదా మైకులోకే వెళ్తుంది. కొంతమంది తయారీదార్లు దీన్ని దృష్టిలో పెట్టుకునే కీబోర్డు సందుల్లోంచీ గాలి తీసుకుంటారు. కానీ పడుకోబెట్టినప్పుడు అది బల్లకి ఆనుకుని ఉంటుంది కదా.

వీటన్నిటికీ విరుగుడు లేదని కాదు. విడిగా ఒక కెమెరా, హెడ్‌సెట్ మైకు, అడుగున ఏటవాలు స్టాండు పెట్టుకుంటే బండి నడుస్తుంది. ఇన్ని తగిలించుకున్నాక "ఒకే వస్తువులో అన్నీ" అని చెప్పుకోవడానికి ఏం మిగిలింది అన్నదే నా సందేహం.

అందుకే మీరు అడగని నాలుగో దారి ఒకటి చెబుతాను. రెండో మోడల్, అంటే టచ్ లేనిది తీసుకుని, దానికి తెర లేని పెన్ ట్యాబ్లెట్ ఒకటి తగిలించండి. వాకోమ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ అందరూ చేస్తారు. నల్లటి పలకలా ఉంటుంది, యూఎస్‌బీతో తగిలిస్తారు. దాని మీద రాస్తే ల్యాప్‌టాప్ తెర మీద పడుతుంది. ధర ల్యాప్‌టాప్‌తో పోలిస్తే చిన్న ముక్క. ఇప్పుడొస్తున్న వాటిలో చాలావాటి పెన్నుకి బ్యాటరీయే ఉండదు, పలకలోంచే శక్తి తీసుకుంటుంది. ఏటవాలు గీత తిన్నగా వస్తుంది, ఎందుకంటే వీటి టెక్నాలజీ వేరు. మీ తెర నిలబడే ఉంటుంది, కెమెరా మీ ముఖాన్నే చూస్తుంది, కీబోర్డు చేతి కిందే ఉంటుంది. ల్యాప్‌టాప్ పాతబడినా పలక మిగులుతుంది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట. మొదటి వారం మీ అక్షరాలు ఒకటో తరగతి పిల్లాడివిలా వస్తాయి. చాలామందికి రెండు వారాల్లో చెయ్యి కుదురుతుంది, కొందరికి ఎప్పటికీ కుదరదు. కాబట్టి ముందు ఎవరి దగ్గరైనా అరువు తీసుకుని పాత ల్యాప్‌టాప్‌కే తగిలించి చూడండి. పది రోజుల తర్వాత కూడా చిరాకుగానే ఉంటే మడత టచ్‌కి వెళ్ళండి, అప్పుడు నేనేమీ అనను.

మడత టచ్ అయితే మొదటిదా, మూడోదా? మొదటిది వద్దు. 8 జీబీ ర్యామ్ అని మాత్రమే కాదు, సన్నటి మడత మోడళ్ళలో ర్యామ్ సాధారణంగా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. రేపు చాలకపోతే పెంచే దారి లేదు. విండోస్ 11, వీడియో కాల్, పదిహేను ట్యాబ్‌ల బ్రౌజర్, స్కాన్ చేసిన బరువైన పీడీఎఫ్‌లు, వైట్‌బోర్డు యాప్ అన్నీ కలిస్తే 8 జీబీ నిండిపోతుంది. 2024లో ఏఐ హంగులున్న ల్యాప్‌టాప్‌లకి 'కోపైలట్ ప్లస్ పీసీ' అనే పేరు ఇవ్వడానికి మైక్రోసాఫ్ట్ కనీసం 16 జీబీ ఉండాలని షరతు పెట్టింది. ఆ ఏఐ హంగులు మీకు అక్కర్లేకపోవచ్చు, కానీ ముందు ముందు సాఫ్ట్‌వేర్ ఎటు పోతుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మూడోదానిలో దాక్కున్న విషయం ఇదిగో. 7530యూ అంటే 7000 సిరీస్, కొత్తదనిపిస్తుంది. ఆ సిరీస్ పేర్లలో చూడాల్సింది మూడో అంకె. 7530లో మూడో అంకె 3, అంటే లోపల ఉన్నది జెన్ 3 కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు), 2020లో వచ్చిన డిజైన్. 7640 అయితే మూడో అంకె 4, అది జెన్ 4. పేరు కొత్తది, సరుకు పాతది. అంతమాత్రాన చెడ్డదని కాదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి, మీ పనికి కావలసినదానికన్నా ఎక్కువే. ఐ5 1335యూలో పెద్ద కోర్లు రెండు, చిన్నవి ఎనిమిది. చురుకులో అది కాస్త ముందుంటుంది గానీ, మీ పనుల్లో ఆ తేడా మీకు తెలియదు. 8 జీబీకీ 16 జీబీకీ తేడా మాత్రం మొదటి వారంలోనే తెలుస్తుంది.

రెండోది కొనేటప్పుడు ఒక చిన్న సంగతి చూసుకోండి. 16 జీబీ అంటే ఒకటే ర్యామ్ స్టిక్కా, ఎనిమిదేసి రెండు స్టిక్కులా? ఒక్కటే పెడితే ఇంటెల్ గ్రాఫిక్స్ సగం దారిలోనే నడుస్తుంది. విండోస్‌లో దాని పేరు కూడా 'ఐరిస్ ఎక్స్‌ఈ' అని కాక ఉత్త 'యూహెచ్‌డీ' అని కనిపిస్తుంది. క్లాసులకి ఇది అడ్డం కాదు. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు, టెన్షన్ పడకండి.

తెర నాణ్యత దగ్గర ఎక్కువమంది మోసపోతారు. టచ్ తెరకి పైన అద్దం ఉంటుంది కాబట్టి మెరుస్తుంది. కిటికీ, దీపం, మీ చొక్కా, అన్నీ అందులో కనిపిస్తాయి. తెర వెలుతురుని నిట్‌లలో కొలుస్తారు. 250 నిట్‌ల వెలుతురు, మెరవని మాట్ తెరకి గదిలో సరిపోతుంది. అదే 250 నిట్‌లు అద్దం తెరకి చాలవు. మడత టచ్‌లో 300 కన్నా తక్కువైతే నేను తీసుకోను, 400 ఉంటే హాయి. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే చోట '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని రాసి ఉంటే అది చవక ప్యానెల్ అని అర్థం. ఎస్‌ఆర్‌జీబీ అనే ఇంకో రంగుల కొలతలో చెప్పుకుంటే దాదాపు 62, 63 శాతం. ఎర్ర పెన్నుతో దిద్దింది కాస్త ఇటుక రంగులో కనిపిస్తుంది, మీకు అంతకన్నా నష్టమేం లేదు. కాస్త ఎత్తు ఎక్కువుండే 16:10 నిష్పత్తి తెర దొరికితే వదలకండి, పీడీఎఫ్ పేజీ నాలుగైదు వరుసలు ఎక్కువ కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) మోడల్ చూపించి అమ్మేవాళ్ళు ఆశపెట్టొచ్చు. సినిమాలకి అద్భుతమే. కానీ రోజంతా తెల్లటి వైట్‌బోర్డు, కదలని టూల్‌బార్ పెట్టుకుని కూర్చునే మనిషికి అది నేను చెప్పను. తెల్లటి తెర మీద ఓఎల్‌ఈడీ కరెంటు ఎక్కువ తాగుతుంది, కదలని బొమ్మలు ఏళ్ళ మీద మరకల్లా దిగే అవకాశం ఉంది. వెలుతురు తగ్గించినప్పుడు చాలా ప్యానెళ్ళు కంటికి కనపడకుండా రెపరెపలాడతాయి, కొందరికి తలనొప్పి వస్తుంది.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మనం తాకినా తాకకపోయినా టచ్ పొర తన మీద వేలు ఉందా అని సెకనుకి ఎన్నోసార్లు వెతుక్కుంటూనే ఉంటుంది, దానికి కొంత ఖర్చవుతుంది. దానికన్నా ఎక్కువ తినేది, మెరుపు భరించలేక మనం పెంచుకునే వెలుతురు. బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే వాట్ అవర్ అంకె అడగండి. 50 వాట్ అవర్ బ్యాటరీ, సగటున 10 వాట్‌ల వాడకం అంటే ఐదు గంటలు. పెట్టె మీద రాసిన పద్నాలుగు గంటలు మీ వాడకానివి కావు.

రిపేరు మాత్రం ముందే ఆలోచించాల్సిన విషయం. మామూలు ప్యానెల్ పగిలితే చాలా మోడళ్ళలో చుట్టూ ఫ్రేము ఊడదీసి, ప్యానెల్ ఒక్కటీ మార్చేస్తాం, గంట పని. టచ్ తెరల్లో ఎక్కువగా అద్దం, టచ్ పొర, ప్యానెల్ మూడూ కలిపి అతికించి ఉంటాయి. పై అద్దం ఒక్కటే చిట్లినా మొత్తం మార్చాలి, కొన్నిసార్లు పై మూతతో సహా. ఒకసారి ఒకరి మడత ల్యాప్‌టాప్ మూల మీద పడింది. పగులు వేలెడంత కూడా లేదు. సర్వీస్ సెంటర్ వాళ్ళు మొత్తం అసెంబ్లీ అన్నారు, అది రావడానికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఆ మనిషి దాన్ని మానిటర్‌కి తగిలించి వాడుకున్నాడు. కాబట్టి టచ్ తీసుకుంటే ప్రమాద బీమా ప్లాను కూడా ఆ ధరలో భాగమే అనుకోండి. "ఇప్పుడు టచ్ లేనిది కొని తర్వాత టచ్ పెట్టించుకోవచ్చా" అని కూడా అడిగారు. కుదరదనే అనుకోండి. ఎక్కువ మామూలు ప్యానెళ్ళకి 30 పిన్‌ల కనెక్టర్, టచ్ కలిసి ఉన్న ప్యానెళ్ళకి 40 పిన్‌లది. కేబులే కాదు, కొన్నిటిలో బోర్డు కూడా సిద్ధంగా ఉండాలి.

ఎప్పుడైనా టచ్ తెర దానంతట అదే క్లిక్‌లు కొడుతూ, విండోలు మూసేస్తూ ఉంటే దయ్యం అనుకోకండి, వైరస్ అనీ అనుకోకండి. ముందు చార్జర్ తీసి చూడండి. ఎర్త్ సరిగ్గా లేని చార్జర్‌తో ఇలా అవుతుంది. తీసినా ఆగకపోతే డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద 'హెచ్‌ఐడీ కంప్లయంట్ టచ్ స్క్రీన్' అని ఉంటుంది, దాన్ని డిజేబుల్ చేస్తే ల్యాప్‌టాప్ మామూలుగా పనిచేస్తుంది. క్లాసు మధ్యలో ఇది తెలిసి ఉంటే పరువు దక్కుతుంది. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు మాత్రం వద్దు, వేలిముద్రలు అంటకుండా పెట్టిన పూత లేచిపోతుంది.

నా వరుస ఇది: పలక చేతికి కుదిరితే రెండో మోడల్, కుదరకపోతే మూడోది, మొదటిది ఏ పరిస్థితిలోనూ వద్దు. ఒకవేళ మీరు క్లాసులు తక్కువ, పత్రాలు దిద్దడం ఎక్కువ చేస్తూ, అది కూడా ఒకచోట కూర్చోకుండా ఎక్కడ పడితే అక్కడ దిద్దే మనిషైతే వరుస తిరగబడుతుంది, మూడోదే ముందు. మీ ప్రశ్నలో రోజుకి నాలుగు గంటల క్లాసులు, అదీ ఒకే బల్ల దగ్గర అని ఉంది కాబట్టి ఇలా చెప్పాను.

మూడోదాన్ని చూడటానికి వెళ్తే పెన్ను వెంట అడిగి తీసుకోండి, ఒక స్కేలు జేబులో పెట్టుకోండి. తెర నిలబెట్టి పై మూలన వేలితో రెండుసార్లు పొడవండి, ఊగడం వెంటనే ఆగాలి. పూర్తిగా మడిచి బల్ల మీద పెట్టి, నాలుగు మూలలూ నొక్కి చూడండి, ఎగరకూడదు, కిర్రుమనకూడదు. అప్పుడు స్కేలు తియ్యండి. గీత అలల్లా వచ్చిందంటే సేల్స్ అబ్బాయి ఎంత డిస్కౌంట్ చెప్పినా వినకుండా వచ్చెయ్యండి.